తేలికైన ల్యాప్‌టాప్‌కి ఇనప పలక

మజ్జి వారి ఇంట్లో భుజం మీద కాయ లేని మొదటి మగవాడు తవిటినాయుడు.

తాతముత్తాతల భుజాలు చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు గానీ, తండ్రి సిమ్మన్న కుడి భుజం మాత్రం ఊరంతా చూసింది. మార్కెట్ యార్డులో ముప్పై రెండేళ్ళు బస్తాలు మోసిన భుజం అది. మెడకీ భుజానికీ మధ్య తాటిముంజంత కాయ కాసి, చొక్కా వేసుకుంటే ఆ వైపు కాలరు ఎప్పుడూ లేచి నిలబడి ఉండేది. తవిటినాయుడు పదో తరగతి సెలవుల్లో ఒకసారి సరదాకి బస్తా కిందికి వంగితే, సిమ్మన్న వీపు మీద ఒక్కటిచ్చి, "ఈ ఇంట్ల మోసీవోణ్ణి నానొక్కణ్ణి సాలు. నువ్వెల్లి సదువుకో" అన్నాడు.

తవిటినాయుడు చెప్పిన మాట వినే రకం. వెళ్ళి చదువుకున్నాడు. ఆ ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ తెచ్చాడు, అదీ కంప్యూటర్ల బీఎస్సీ. తర్వాత పోటీ పరీక్ష రాసి ప్రభుత్వోద్యోగం కూడా తెచ్చాడు.

ఉద్యోగం 'రాష్ట్ర కార్యాలయ సామగ్రి అర్హతా నిర్ధారణ సంస్థ'లో. పేరు పూర్తయ్యేసరికి ఊపిరి కూడా పూర్తవుతుంది కనక అందరూ అర్హతాఫీసు అంటారు. ప్రభుత్వం కుర్చీ కొనాలన్నా, ఫ్యాను కొనాలన్నా, బీరువా కొనాలన్నా ముందు ఒక నమూనా ఇక్కడికి రావాలి. ఇక్కడివాళ్ళు దాన్ని తీసి, మూసి, కదిపి, కొలిచి, అర్హమేనని సంతకం పెట్టాలి. "మావోడు సంతకం ఎడితే గానీ గవర్నమెంటోళ్ళు కూకోరు" అని సిమ్మన్న యార్డులో అందరికీ చెప్పాడు.

అది కొంచెం ఎక్కువే. తవిటినాయుడి సంతకమే ఇంకా గట్టిపడలేదు. అతని రెండేళ్ళ ప్రొబేషన్ ఈ నెలాఖరుతో ముగుస్తుంది. తృప్తికరంగా ముగిసిందని పైవాళ్ళు కాగితం ఇస్తే ఉద్యోగం ఖాయం. ఇవ్వకపోతే ఇంటికి పంపిస్తారు. ఇంటికి నాలుగడుగుల దూరంలో మార్కెట్ యార్డు.

అర్హతాఫీసులో అన్ని వస్తువులకీ ఒకటే పరీక్షాపత్రం. బీరువాలు రాజ్యమేలిన రోజుల్లో ఎవరో మహానుభావుడు తయారుచేశాడు. మొత్తం నలభై ఒక్క కాలమ్‌లు. తొమ్మిదో కాలమ్: 'నాలుగు కాళ్ళును నేలకు సమముగా ఆనుచున్నవా?' పద్నాలుగు: 'తలుపు తెరచునపుడు కిర్రుమను శబ్దము వచ్చుచున్నదా?' ఇరవై రెండు: 'చెదలు పట్టునా?' చిట్టచివరిది, నలభై ఒకటి: 'గమనించిన లోపము.'

ఏ కాలమ్‌నీ ఖాళీగా వదలకూడదు. 'లేదు' అనీ, 'వర్తించదు' అనీ రాయకూడదు. ఎప్పుడో ఒక ఆడిట్ అధికారి వచ్చి, 'లేదు అనగా వెదకలేదు అని అర్థము' అని అభ్యంతరం రాసి వెళ్ళాడు. ఆయన రిటైరై ఇరవయ్యేళ్ళయింది. ఆయన అభ్యంతరం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. పైగా అది ఆఫీసులో ప్రతి ఫారానికీ పాకింది. సెలవుచీటీలో కూడా చివర 'గమనించిన లోపము' అని ఒక గీత ఉంటుంది. జ్వరంతో సెలవు పెట్టేవాళ్ళు అక్కడ 'నోరు చేదుగా ఉన్నది' అని రాస్తారు.

ఇలాంటి ఆఫీసుకి ఒక సోమవారం పొద్దున్న అట్టపెట్టెలో ల్యాప్‌టాప్ వచ్చింది.

సూపరింటెండెంటు గౌరీశ్వరరావు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దాంతోపాటు వచ్చిన ఉత్తరం పైకి చదివాడు. "'కొత్తగా మెరుగుపరచిన, పలుచని, తేలికైన, పెద్ద తెర గల ల్యాప్‌టాప్.' పొలం గట్ల మీద తిరిగి రైతులకి భూమి పటాలు చూపించే సిబ్బంది కోసమట. నాలుగు వందల పన్నెండు కొంటారట." కాసేపు ఆలోచించి అడిగాడు. "మెరుగుపరచిన అంటే, దేనికంటే?"

"పాత మోడల్ కంటే సార్," అన్నాడు తవిటినాయుడు.

"పాతది ఎక్కడుంది?"

"మన స్టోరు గదిలోనే ఉంది సార్. ఐదేళ్ళ కిందట పరీక్షకి వచ్చింది. ఇంకా పూర్తవలేదు."

పూర్తవకపోవడానికి కారణం నలభై ఒకటో కాలమ్. తవిటినాయుడికి ముందు ఆ సీట్లో పనిచేసిన కుర్రాడికి ఎంత వెదికినా పాతదాంట్లో లోపం కనబడలేదు. నిజాయితీగా ఖాళీ వదిలేశాడు. అతని ప్రొబేషన్ మూడుసార్లు పొడిగించారు. నాలుగోసారి పొడిగించేలోపు అతను సెల్‌ఫోన్ కవర్ల దుకాణం పెట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ కంపెనీ కూడా చూసి చూసి, విసుగొచ్చి, మోడల్‌నే మెరుగుపరిచింది.

"ఇది నువ్వే చెయ్యి నాయుడూ. కంప్యూటర్ల బీఎస్సీవి కదా," అన్నాడు గౌరీశ్వరరావు. "ఇది సక్రమంగా చేసేవనుకో, నీ ప్రొబేషన్ ఫైలు దీని వెనకాలే పైకెళ్ళిపోద్ది. ఏ కాలమ్‌నీ ఖాళీ వదలొద్దు. సెల్‌ఫోన్ కవర్లు అమ్మడం నీ వల్ల కాదు, నీకు బేరం రాదు."

అటెండరు పెంటయ్య తెల్ల ఎనామిల్ పెయింటు, సన్న బ్రష్షు పట్టుకొచ్చాడు. ఆఫీసులోకి వచ్చిన ప్రతి వస్తువు మీదా నంబరు వెయ్యడం అతని పని. ఇరవయ్యారేళ్ళుగా బల్లల కాళ్ళ మీదా, కుర్చీల వీపుల మీదా వేస్తున్నాడు. ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాయుడు బాబూ, దీనికి కాలెక్కడ, ఈపెక్కడ?"

"ఎక్కడో ఒక చోట చిన్నగా వెయ్యి పెంటయ్యా."

"సిన్నగా ఎల్లాగ బాబూ! బీరువాకి ఏసే అక్షరమే నాకొచ్చు." అంటూనే మూత నిండా అరచేతంత అక్షరాలతో నంబరు వేసి, ఊది ఆరబెట్టాడు. వెండిరంగు మూత కాస్తా గోనెసంచీ మీది మిల్లు గుర్తులా తయారైంది.

తవిటినాయుడు ఇచ్చిన పని మనసుపెట్టి చేసే మనిషి. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి పరీక్ష మొదలుపెట్టాడు. ల్యాప్‌టాప్ అడుగున నాలుగు రబ్బరు బొడిపెలు ఉన్నాయి. నాలుగూ బల్లకి సమంగా ఆనాయి. తొమ్మిదో కాలమ్ అంత సులువుగా తేలిపోతుందని అతను అనుకోలేదు. మూత ఐదు వందల సార్లు తీసి మూశాడు. కిర్రుమనలేదు. చెదలు పట్టునా అన్న ప్రశ్నకి న్యాయం చెయ్యాలని, రెండు రోజులు స్టోరు గదిలో పాత ఫైళ్ళ మధ్య ఉంచాడు. చెదలు దాని మీదుగా నడిచి వెళ్ళి ఫైళ్ళు తిన్నాయి. 'అవకాశమిచ్చినను పట్టలేదు' అని రాశాడు.

కాలమ్‌లలో లేని సంగతులు కూడా తన తృప్తి కోసం చూశాడు. తెర పదిహేడు అంగుళాలు. డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి చూస్తే పటంలో గట్లు, కాలవలు, సర్వే నంబర్లు అన్నీ పక్కన నిలబడ్డ మనిషికి కూడా కనబడ్డాయి. పొద్దున్న ఛార్జింగు పెడితే ఆఫీసు మూసేదాకా పనిచేసింది. మందం చిటికెనవేలంత లేదు. బరువు కిలో రెండు వందల గ్రాములు.

నలభై కాలమ్‌లు నిండాయి. నలభై ఒకటి మిగిలింది.

గమనించిన లోపము. మూడు రోజులు గమనించాడు. తెర మీద వేలిముద్రలు పడుతున్నాయని రాద్దామనుకున్నాడు. ఆ వేలు తనది. తన వేలు తప్పు వస్తువు మీద వెయ్యడం న్యాయం కాదనిపించింది. చివరికి మోసుకు తిరిగితే ఏమైనా బయటపడుతుందేమోనని, అనుమతి తీసుకుని సంచిలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. దారిలో గుండె మూడుసార్లు ఝల్లుమంది. మూడుసార్లూ ఆగి, జిప్పు తీసి చూసుకున్నాడు. మూడుసార్లూ ల్యాప్‌టాప్ ఉంది.

మర్నాడు ఆఫీసుకొచ్చి, పెన్ను తీసి, కొత్తకోడలి గురించి "మరీ ఇంత పనిమంతురాలైతే ఎలాగమ్మా" అని అత్తగారు మురిసిపోయినట్టుగా, తనలో తను నవ్వుకుంటూ నలభై ఒకటో కాలమ్‌లో రాశాడు: 'సంచిలో ఉన్నదో లేదో మోయువానికి తెలియుట లేదు.'

మెచ్చుకోలుగానే రాశాడు. మెచ్చుకోలుకి అక్కడ కాలమ్ లేదని ఆ క్షణాన తట్టలేదు.

"నాయుడూ!" మధ్యాహ్నం గౌరీశ్వరరావు పిలిచాడు. కళ్ళజోడు ముక్కు మీద ఉంది. అది మంచి సూచన కాదు. "ఉందో లేదో తెలియని వస్తువుని ప్రభుత్వం ఎలా కొంటుందయ్యా?"

"అయ్యో, అది లోపం కాదు సార్. అంత తేలిగ్గా ఉందని పొగిడేను."

"లోపం కాలమ్‌లో పొగిడేవా?"

"రాయడానికి ఇంకేం కనబళ్ళేదు సార్."

"అంటే తప్పుడు సమాచారం ఇచ్చినట్టే కదా! లోపం కానిదాన్ని లోపమని రాసి సంతకం పెట్టేవు. ప్రొబేషన్‌లో ఉన్నవాడివి." గౌరీశ్వరరావు చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించాడు. "చూడు బాబూ, రెండే దారులు. రాసింది అబద్ధమంటే నీ ఉద్యోగం పోద్ది. నిజమంటే ల్యాప్‌టాప్‌ది లోపమవుద్ది. దానికేమీ పిల్లలు లేరు కదా, దాన్నే పోనీ."

తవిటినాయుడికి తండ్రి భుజం కళ్ళ ముందు మెదిలింది. "నిజమే సార్," అన్నాడు.

ఫైలు డిప్యూటీ డైరెక్టరు ఇందుమతి గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పుట్టినప్పుడు ఏ భాషలో ఏడ్చారో తెలియదు గానీ, ఉద్యోగంలో చేరినప్పటినించీ మెమోల భాషలోనే మాట్లాడుతున్నారు. రెండోనాడే సమావేశం పెట్టారు.

"ప్రభుత్వ ఆస్తి అనునది తన ఉనికిని తాను చాటుకొనవలెను," అన్నారావిడ. "బీరువాను ఎవరైనను మరచిపోయి ఇంటికి పోయినారా? లేదు. కారణం ఏమి? దాని ఉనికి స్పష్టము. సదరు ల్యాప్‌టాప్ ఉనికి అస్పష్టము. గట్ల మీద నడచు సిబ్బంది సంచిలో అది ఉన్నదనుకొని, లేక, లేదనుకొని, ఉండగా, లేనప్పుడు..." వాక్యం ఎటు పోవాలో తెలియక ఒక క్షణం ఆగింది. "...బాధ్యత ఎవరిది?"

బాధ్యత అన్న మాట వినగానే అందరూ బల్ల వైపు చూశారు.

"కావున మోయువానికి గోచరించు కనీస బరువు ఎంతయో మొదట నిర్ధారించవలెను."

నిర్ధారించడానికి వరండాలో ప్రయోగం జరిగింది. పన్నెండుమంది ఉద్యోగులు కళ్ళు మూసుకుని సంచి తగిలించుకుని అటునించి ఇటు నడవాలి. కొందరి సంచిలో ల్యాప్‌టాప్ పెడతారు, కొందరి సంచిలో పెట్టరు. ఉందో లేదో వాళ్ళు చెప్పాలి. ఎవరి సంచి వాళ్ళు తెచ్చుకున్నారు కనక అందరి సంచుల్లోనూ భోజనం క్యారేజీలున్నాయి. ఆరుగురు సరిగ్గా చెప్పారు, ఆరుగురు తప్పు చెప్పారు. తప్పు చెప్పినవాళ్ళలో ఒకాయన తన సంచిలో రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయని ఖచ్చితంగా చెప్పాడు. ఆవేళ వాళ్ళావిడ పులిహోర పెట్టింది.

"సాధారణ ఉద్యోగులకు బరువు యొక్క జ్ఞానము లేదని తేలినది," అన్నారు ఇందుమతి గారు. "బరువు తెలిసిన నిపుణుడు కావలెను. ఎవరికైనను ఎవరైనను తెలిసిన యెడల చెప్పవచ్చును."

తవిటినాయుడికి చిన్నప్పటినించీ ఒక జబ్బుంది. ఎవరు ప్రశ్న అడిగినా, జవాబు తెలిస్తే చెప్పేస్తాడు.

"మా నాన్నకి తెలుసు మేడమ్," అన్నాడు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే గౌరీశ్వరరావు కళ్ళజోడు ముక్కు మీదికి దిగింది.

మూడో రోజున ఇంటికి గవర్నమెంటు కవరు వచ్చింది. పైన, 'భార గోచరతా నిపుణులు శ్రీయుత మజ్జి సింహాచలం గారికి' అని ఉంది. తవిటినాయుడు చదివి వినిపిస్తే సిమ్మన్న గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు.

"నన్నేనేటిరా? యార్డుల అందరూ ఒరే సిమ్మా అంతారు. మీవోళ్ళు బలే మంచోళ్ళురా!"

సిమ్మన్న తెల్లపంచె కట్టుకుని, ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని ఆఫీసుకి వచ్చాడు. కుడి కాలరు ఎప్పటిలాగే లేచి ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఇది మావోడు సంతకం ఎట్టిన కుర్సీయేనా?" అని అడిగి, అవునన్నాక కూర్చున్నాడు. ఇందుమతి గారి ముందు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టారు.

"సదరు వస్తువు యొక్క బరువు తమకు ఏ మేరకు గోచరించుచున్నదో సెలవియ్యవలెను," అన్నారావిడ.

సిమ్మన్న కొడుకు వైపు చూశాడు.

"ఎత్తి చూడు నానా. బరువు తెలుస్తోందా అని అడుగుతున్నారు."

సిమ్మన్న రెండు వేళ్ళతో ఎత్తాడు. అటూ ఇటూ తిప్పాడు. మూత మీద అక్షరాలు చూసి, "ఏ మిల్లుది?" అన్నాడు. తర్వాత భుజం మీద కాయ దగ్గర ఆనించి ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు.

"ఏటీ తెల్డం నేదమ్మా," అన్నాడు.

ఇందుమతి గారి ముఖం వికసించింది. "ఎంత బరువు నుండి తమకు తెలియును?"

"యాబై కేజీలమ్మా. ఆ నోపల ఏదెట్టినా ఈగ వాలినట్టే ఉంతాది. యాబై ఎట్టితే, ఆఁ, ఏదో ఉందిరా అనిపిస్తాది." ఏదో దాచినట్టవుతుందేమోనని చివర ఇంకో మాట కూడా చేర్చాడు. "అయినా తల్లీ, తెల్దంతే మంచిదే కదా? మోసీవోడికి అంతకంతె ఏటి కావాల?"

చివరి మాట మినిట్స్‌లో ఎక్కలేదు. మొదటిది ఎక్కింది: 'యాభై కిలోలకు లోబడిన వస్తువు మోయువానికి గోచరించదని నిపుణులు స్వానుభవ పూర్వకముగా ధ్రువీకరించినారు.'

"అయితే ల్యాప్‌టాప్‌ని యాభై కిలోలు చెయ్యాలా మేడమ్?" అని గౌరీశ్వరరావు మెల్లిగా అడిగాడు.

"ఉద్యోగులు హమాలీలు కారు. సిబ్బంది సంక్షేమము దృష్ట్యా పదింట తొమ్మిది వంతులు సడలించడమైనది. ఐదు కిలోలు."

అందరూ ఆవిడ దయకి తలలూపారు.

ఆ సాయంత్రం తవిటినాయుడు ధైర్యం చేసి గౌరీశ్వరరావు బల్ల దగ్గరికి వెళ్ళాడు. "సార్, తేలిగ్గా ఉందని కొంటున్నారు కదా. మనం బరువు పెడితే ఇంక ఎందుకు కొనడం?"

"తేలికని కొనేది కొనుగోలు విభాగం. ఉందని తెలుసుకోవలసింది మన విభాగం. ఆ ఫైలు వేరు, ఈ ఫైలు వేరు."

"గట్ల మీద దాన్ని మోసేది మాత్రం ఒక్క మనిషే కదా సార్."

గౌరీశ్వరరావు అతనివైపు జాలిగా చూశాడు. "ఆ లోపం కనిపెట్టింది నువ్వే నాయుడూ. ఇప్పుడు నువ్వే వెనక్కి తగ్గితే, నెలాఖరుకి నేనేం రాయను?"

తవిటినాయుడు వెనక్కి తగ్గలేదు. వెనక్కి తగ్గకపోవడమే కాదు, ముందుకి కూడా వెళ్ళాడు. ఎంతైనా ఇచ్చిన పని మనసుపెట్టి చేసే మనిషి. ఐదు కిలోలకి మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు తక్కువ. అతనే లెక్కకట్టి, కాగితం మీద బొమ్మ గీసి, వెల్డింగు షాపులో ల్యాప్‌టాప్ అడుగుకి సరిపడే ఇనప పలక చేయించాడు. దానికి 'ఉనికి ఫలకము' అని పేరు పెట్టింది కూడా అతనే. పేరు బాగా కుదిరిందని ఇందుమతి గారు అంటే, సిగ్గు లేకుండా సంతోషించాడు.

పలక బిగించాక గాలి ఆడక ల్యాప్‌టాప్ పొయ్యి మీది పెనంలా కాలింది. పలకకి చిల్లులు పెట్టించాడు. చిల్లులకి నూట ఇరవై గ్రాములు పోయాయి. ఉనికిలో ఆ మేరకు లోటు వచ్చిందని ఇందుమతి గారు గుర్తించారు. లోటు పూడ్చడానికి గొలుసు, ఇత్తడి తాళంకప్ప తగిలించారు. ఇప్పుడు నడిస్తే బరువే కాదు, చప్పుడు కూడా వస్తోంది. "గోచరత చెవికి సైతం విస్తరించినది," అని ఆవిడ ఫైలులో మెచ్చుకోలు రాశారు. ఆవిడ ఫైలులో మెచ్చుకోలుకి చోటుంది.

అర్హతా పత్రం సిద్ధమైంది. ల్యాప్‌టాప్ బరువు: కిలో రెండు వందల గ్రాములు. పలక, గొలుసు, తాళం అనుబంధ సామగ్రి కనక వాటి బరువు వేరే పత్రంలో చూపించారు. ఆ విధంగా కాగితం మీద అది పలుచగానూ, తేలికగానూ ఉంది. నాలుగు వందల పన్నెండు ల్యాప్‌టాప్‌లకీ, నాలుగు వందల పన్నెండు పలకలకీ సిఫార్సు పైకి వెళ్ళింది.

నెలాఖరుకి రెండు రోజులుంది. గౌరీశ్వరరావు తవిటినాయుణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనడు.

"నీ ప్రొబేషన్ పత్రం నింపేనయ్యా. పనితనం, క్రమశిక్షణ, సమయపాలన అన్నీ అద్భుతం అని రాసేను. చివర కాలమ్ దగ్గరే రెండ్రోజులు ఆగిపోయేను."

తవిటినాయుడు కుర్చీ అంచుకి జరిగాడు. "చివర కాలమ్..."

"'ఉద్యోగిలో గమనించిన లోపము.' ఖాళీ వదలకూడదు కదా. నీలో లోపం కోసం ఎంత వెదికేనని! ఎవరితోనూ గొడవ లేదు, గొంతు లేవదు, టీకని బయటికెళ్ళవు. చివరికి ఒకటి దొరికింది." ముసలాయన తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వు తవిటినాయుడు గుర్తుపట్టాడు. సరిగ్గా తను నవ్విన నవ్వే. "'ఆఫీసులో ఉన్నాడో లేడో తెలియదు' అని రాసేను. ఎలా ఉంది?"

"సార్!" తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. "సార్, దండం పెడతాను, కొట్టెయ్యండి."

"అదేంటయ్యా, పొగిడితే అలా కంగారుపడతావు?"

"లోపం కాలమ్‌లో పొగిడేరా సార్?"

గౌరీశ్వరరావు నవ్వు మెల్లిగా ఆరిపోయింది. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "ఫైలు పొద్దున్నే మేడమ్ దగ్గరికి వెళ్ళిపోయిందయ్యా," అన్నాడు.

"మీరు వెళ్ళి చెప్పండి సార్, సరదాగా రాసేనని."

"చెప్తే తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుద్ది. నాకు ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు."

ఇద్దరూ బల్ల వైపు చూశారు.

ముప్పయ్యో తారీకు సాయంత్రం నాలుగున్నరకి ఆర్డరు వచ్చింది. తవిటినాయుడు నిలబడే చదివాడు. మొదటి పేరా: శ్రీ మజ్జి తవిటినాయుడు ప్రొబేషన్ కాలమును తృప్తికరముగా ముగించినట్లు ప్రకటించడమైనది. ఆ వాక్యం మూడుసార్లు చదువుకున్నాడు. ఉద్యోగం ఖాయం.

రెండో పేరా: సదరు ఉద్యోగి ఉనికి అస్పష్టముగా ఉన్నదని నివేదిక అందినది. ఇట్టి లోపమునకు ఈ కార్యాలయమందు పూర్వోదాహరణ కలదు. అస్పష్టమైన ఉనికిని స్పష్టము చేయు పద్ధతి కూడ సదరు ఉద్యోగియే రూపొందించియుండుట ప్రశంసనీయము. కావున ఉనికి ఫలకముతో కూడిన ల్యాప్‌టాప్ నమూనాను, గొలుసు, తాళములతో సహా, ఆయన కార్యాలయ వేళలయందు భుజమున ధరించవలెను. ప్రతిదినము సాయంత్రము దినచర్య పత్రము నింపి దాఖలు చేయవలెను. మోయు భుజము బరువుకు అలవాటుపడు నిమిత్తము నమూనాను ఇంటికి తీసుకొనిపోవుటకు అనుమతించడమైనది.

పెంటయ్య నమూనా తెచ్చి అతని భుజానికి తగిలించాడు. వెనక్కి జరిగి చూసి, నిండు మనసుతో అన్నాడు: "ఇప్పుడు బాగున్నారు బాబూ. ఇరవయ్యారేళ్ళు సూసినాను, ఇంత బాగా కనబడ్డ గుమస్తాని ఇంకొకణ్ణి సూడనేదు."

గుమ్మం దాటుతుంటే తాళంకప్ప గొలుసుకి కొట్టుకుని గణగణమంది. ఆఫీసంతా తలెత్తి చూసింది. రెండేళ్ళలో అది మొదటిసారి.

ఇంటి దగ్గర సిమ్మన్న అరుగు మీద కూర్చుని కాళ్ళకి ఆముదం రాసుకుంటున్నాడు. చప్పుడు విని తలెత్తాడు.

"నానా, ప్రొబేషన్ అయిపోయింది. ఉద్యోగం పక్కా."

సిమ్మన్న ముఖం వెలిగింది. లేచి వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. సంచి పట్టీ పక్కకి జరిపి, చొక్కా కాలరు కింద చూశాడు. బస్సుస్టాండు నించి ఇంటిదాకా నడిచిన నడకకే అక్కడ ఎర్రగా కమిలింది.

సంచి పట్టీని చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"ఎంతుందిరా?" అన్నాడు.

"కాగితం మీద కేజీ రెండొందలు."

"భుజం మీద?"

"ఐదు."

"యార్డుల సావుకారి కాటా కూడా ఇంతేరా. సూపించీది ఒకటి, మోసీది ఒకటి." తలుపు దగ్గర వేలాడుతున్న తన తువ్వాలు తీశాడు. దాన్ని నాలుగు మడతలు వేసి, అరచేత్తో ఒత్తి, కొడుకు భుజం మీద సర్ది, దాని మీద పట్టీ ఆనించాడు. చేసేటప్పుడు కొడుకు ముఖంలోకి చూడలేదు. "మడత మెడేపు ఉండాల. తల వొంచీకు. నడుం తిన్నగా ఎట్టు. దినం ఇడిసి దినం భుజం మార్సు. ఒక్కేపే మోస్తే నాకు మల్లే కాలరు లేసిపోద్ది."

"అలాగే నానా."

"ఆ మేడమ్‌గోరికి యాబై కేజీలని నానే సెప్పినాను," అన్నాడు సిమ్మన్న, గోడవైపు తిరిగి.

"ఉందో లేదో తెలియట్లేదని రాసింది నేనే కదా నానా," అన్నాడు తవిటినాయుడు.

మర్నాడు సాయంత్రం ఐదింటికి అతను దినచర్య పత్రం ముందు కూర్చున్నాడు. ఎన్ని గంటలు ధరించినది, ఎన్ని అడుగులు నడచినది, ఎందరికి గోచరించినది. అన్నీ నిజాయితీగా నింపాడు. చివరి కాలమ్ దగ్గర పెన్ను ఆగింది. గమనించిన లోపము. ఏది రాసినా దానికొక కమిటీ పడుతుంది, ఒక నిపుణుడు వస్తాడు, ఒక పలక తయారవుతుంది. తువ్వాలు సంగతి రాస్తే తువ్వాలు పరీక్షకి వస్తుంది. అరగంట ఆలోచించాడు. కమిటీ అక్కర్లేకుండా, రోజూ మోస్తూ ఉంటే దానంతటదే సర్దుకునే లోపం ఒక్కటే తోచింది.

'భుజము మెత్తగా ఉన్నది' అని రాసి, సంతకం పెట్టాడు.